వికారానికి అల్లం: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మనల్ని మోసం చేస్తుంది?

"అన్నా, బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది, నైట్ షిఫ్ట్‌లో వాంతికి వచ్చినట్టు ఉంటుంది, అల్లం తింటే తగ్గుతుందా?" అని చాలా మంది అడిగారు. ఈ రోజు ఎపిసోడ్ దాని మీదే.

(చేతిలో అల్లం కొమ్ము చూపిస్తూ)

ఇగో, ఇది పొద్దున సంగారెడ్డిలో కొన్నాను. ఇంకా మట్టి కూడా పోలేదు. మనకి ఒక సామెత ఉంది కదా, "అల్లం అంటే నాకు తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది" అన్నాడట ఒకాయన. తెలియకపోయినా అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళని అంటారు ఆ మాట. రెండేళ్ళ కింద నేనూ అట్లాంటివాడినే. అల్లం గురించి నాకు అంతా తెలుసు అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల ఒక తప్పు చేశాను. నాకు జరిగిన నష్టం సంగతి అటుంచితే, ఇంకో పిల్లాడిని కూడా ఇబ్బంది పెట్టాను. అది కూడా చెప్తాను. ముందు అల్లం సంగతి చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తేనే నా తప్పు ఏంటో మీకు అర్థమవుతుంది.

మన జిల్లా పంటే ఇది

పటాన్‌చెరు అనగానే అందరికీ ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి అంటే మందుల కంపెనీలు, కెమికల్స్. కానీ ఇదే ముంబై హైవే మీద సంగారెడ్డి, సదాశివపేట దాటి ముందుకు పోతే జహీరాబాద్ వస్తుంది. అక్కడి ఎర్రనేలల్లో, కోహీర్, ఝరాసంగం వైపు, అల్లం బాగా పండిస్తారు. ఎండాకాలం చివర్లో విత్తనం కొమ్ము పెడితే, ఎనిమిది తొమ్మిది నెలలకి చేతికొస్తుంది. నీళ్ళు నిలిచాయంటే దుంపకుళ్ళు పట్టి పంట మొత్తం పోతుంది, అందుకే ఎత్తు మడులు చేసి, డ్రిప్ పెట్టి జాగ్రత్తగా చూసుకుంటారు. అంటే, ఒకే జిల్లాలో ఒక పక్క వాంతుల మందులు కూడా తయారుచేయగలిగిన ఫ్యాక్టరీలు, ఇంకో పక్క వాంతులకి మన అమ్మమ్మలు ఇచ్చిన మందు. రెండూ మనవే.

ఇంట్లో దీన్ని రెండు రకాలుగా వాడతాం. పచ్చిది అల్లం, ఎండినది శొంఠి. "శొంఠి లేని కషాయం లేదు" అంటారు పెద్దలు. ఆయుర్వేదంలో శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపి త్రికటు అంటారు. బాలింతకి మొదటి ముద్దలో శొంఠి పొడి కలిపి పెట్టడం మన ఇళ్ళల్లో మామూలే. ఇక బస్టాండ్‌లో, రైల్లో "అల్లం మురబ్బా" అని అరుస్తూ అమ్మేవాళ్ళని చూసే ఉంటారు. అది ఊరికే మిఠాయి అనుకోకండి. ప్రయాణంలో కడుపు తిప్పేవాళ్ళ కోసమే అది బస్సుల దగ్గర అంతగా అమ్ముడుపోయేది.

సరే, పెద్దలు చెప్పారు, మనం తింటున్నాం. నిజంగా పనిచేస్తుందా?

ముందు వికారం ఎందుకొస్తుందో చూద్దాం

మెదడు కింది భాగంలో, వెన్నుపాముకి పైన, వాంతిని నడిపించే చోటు ఒకటి ఉంటుంది. దానికి కబురు చాలా దారుల్లో వస్తుంది. భయపడినా వస్తుంది, చెడ్డ వాసన వచ్చినా వస్తుంది. కానీ మన ఈరోజు ముచ్చటకి మూడు దారులు ముఖ్యం.

మొదటిది చెవి. లోపలి చెవిలో మన బ్యాలెన్స్ చూసుకునే భాగం ఉంటుంది. బస్సులో కూర్చుని ఫోన్ చూస్తున్నారు అనుకోండి. కళ్ళు "కదలట్లేదు" అంటాయి, చెవి "కదులుతున్నాం" అంటుంది. రెండిటికీ పొత్తు కుదరదు. ఆ గొడవలో కడుపు లయ తప్పుతుంది, తిప్పడం మొదలవుతుంది. రీల్స్ చూస్తూ షిఫ్ట్ బస్సులో పోయే మనందరికీ ఇది అనుభవమే.

రెండోది కడుపు. మనం తిన్నది పడకపోతే పేగుల గోడల్లో ఉండే కొన్ని కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సెరటోనిన్ అంటే మనసుకి సంబంధించింది అని విని ఉంటారు. కానీ మన ఒంట్లో ఉన్న దాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అది అక్కడి నరాన్ని తట్టి లేపుతుంది, ఆ నరం మెదడుకి కబురు పంపుతుంది. ఒండాన్‌సెట్రాన్ అనే వాంతుల మాత్ర మీకు తెలిసే ఉంటుంది. అది ఈ తట్టడాన్నే ఆపుతుంది.

మూడోది రక్తం. మెదడు అడుగున చిన్న చోటు ఒకటి మన రక్తాన్ని ఎప్పుడూ రుచి చూస్తూ ఉంటుంది అనుకోండి. మెదడులో మిగతా భాగాలకి ఉన్న గట్టి కాపలా దీనికి ఉండదు. కావాలనే ఉండదు. రక్తంలో విషం లాంటిది ఏదైనా కలిస్తే ముందు దీనికి తెలియాలి కాబట్టి. తెలియగానే "వాంతి చేసెయ్" అంటుంది. ఎక్కువ తాగినవాడికి వాంతి కావడంలో దీని పాత్ర ఉంటుంది. రసాయనాల ఆవిరి పీల్చినప్పుడు కూడా అంతే.

ఈ మూడో దారిని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

అల్లంలో ఉన్నదేంటి?

అల్లం ఘాటుకి కారణం జింజరాల్స్ అనే పదార్థాలు. అల్లాన్ని ఎండబెడితే వాటిలో కొంత షోగాల్స్‌గా మారుతుంది. షోగాల్ ఇంకా ఘాటు. శొంఠి కొంచెం వేసినా గొంతు మండేది అందుకే. ఇవి రెండు పనులు చేస్తాయి. ఒకటి, కడుపులో ఉన్నదాన్ని కొంచెం తొందరగా ముందుకి, పేగుల్లోకి పంపిస్తాయి. రెండు, ఇందాక చెప్పిన సెరటోనిన్ నరాన్ని తట్టకుండా కొంత అడ్డుకుంటాయి. అంటే అల్లం ఎక్కువగా పనిచేసేది కడుపు వైపు అన్నమాట.

దీన్ని మనుషుల మీద పరీక్షించారు కూడా. 1982లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ప్రయాణంలో బాగా కడుపు తిప్పే 36 మంది కాలేజీ విద్యార్థుల్ని తీసుకున్నారు. కొందరికి శొంఠి పొడి, కొందరికి ప్రయాణ వాంతుల మాత్ర, కొందరికి ఏ మందూ లేని ఉత్త మాత్ర ఇచ్చారు. కళ్ళకి గంతలు కట్టి గిరగిరా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి తీసుకున్నవాళ్ళలో సగం మంది ఆరు నిమిషాలూ కూర్చోగలిగారు. మిగతా రెండు గుంపుల్లో ఒక్కరూ కూర్చోలేకపోయారు.

1988లో డెన్మార్క్‌లో 80 మంది నేవీ క్యాడెట్ల మీద చేశారు. సముద్రం అలవాటు లేని పిల్లలు, అలలు గట్టిగా ఉన్నాయి. ఒక గ్రాము శొంఠి తీసుకున్నవాళ్ళకి వాంతులు, చల్లచెమటలు తగ్గాయి. కానీ వికారం మాత్రం అంత గట్టిగా తగ్గినట్టు తేలలేదు. తర్వాత వేరే చోట్ల చేసిన కొన్ని ప్రయోగాల్లో 1982లో వచ్చినంత తేడా కనిపించలేదు కూడా. కాబట్టి "అల్లం బ్రహ్మాస్త్రం" అనే థంబ్‌నెయిల్ నేను పెట్టను. "చాలా మందికి కొంత ఉపయోగం, ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ" అని పెడతాను. ఎవరూ క్లిక్ చేయరు, అది వేరే విషయం. (నవ్వు)

గర్భంతో ఉన్నవాళ్ళ పొద్దుటి వికారం మీద కూడా చాలా ప్రయోగాలు జరిగాయి. రోజుకి ఒక గ్రాము దాకా శొంఠి, నాలుగు సార్లుగా తీసుకుంటే వికారం కొంత తగ్గింది. వాంతుల సంఖ్య తగ్గిందా లేదా అన్నది మాత్రం అంత స్పష్టంగా తేలలేదు. అమెరికాలోని ప్రసూతి డాక్టర్ల సంస్థ కూడా మందులు కాకుండా ప్రయత్నించదగ్గ వాటిలో అల్లాన్ని చెప్తుంది. మా అక్కకి కూడా డాక్టరమ్మ "కొంచెం కొంచెంగా తీసుకో, నీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం వెంటనే రా" అని చెప్పింది. అక్కలూ, చెల్లెళ్ళూ, మీరు కూడా మీ డాక్టర్‌ని ఒక మాట అడిగే మొదలుపెట్టండి.

నెలసరి నొప్పికి కూడా అల్లం మీద ప్రయోగాలున్నాయి. 2009లో ఇరాన్‌లో 150 మంది విద్యార్థినుల మీద చేసినదాంట్లో శొంఠి పొడి, మామూలుగా వాడే నొప్పి మాత్రలకి దగ్గరగా పనిచేసింది. జలుబు, గొంతునొప్పికి అల్లం చాయ్ తాగితే హాయిగా ఉంటుంది, కానీ వైరస్‌ని చంపదు. ఇక "అల్లం తింటే క్యాన్సర్ మాయం, వారంలో పది కిలోలు తగ్గుతారు" అని ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డ్‌లు ఉన్నాయి చూడండి, వాటిని అక్కడే ఆపేయండి.

ఎంత తినాలి, ఎట్లా తినాలి?

ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది రోజంతా కలిపి ఒక గ్రాము శొంఠి పొడి. చిన్న టీ స్పూన్‌లో సగం. పచ్చి అల్లంలో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి దానికి సమానంగా కావాలంటే ఐదు గ్రాములు, అంటే బొటనవేలి పై కణుపంత ముక్క. అది కూడా ఒకేసారి కాదు, రెండు మూడు సార్లుగా.

ప్రయాణానికైతే బస్సెక్కడానికి అరగంట ముందే తీసుకోండి. తిప్పడం మొదలయ్యాక తీసుకుంటే అంత ఉపయోగం ఉండదు. చిన్న ముక్క ఉప్పద్ది నమలండి, లేదా బెల్లంతో తినండి. వేడినీళ్ళలో దంచి వేసి పది నిమిషాలు మూతపెట్టి, నిమ్మరసం పిండుకుని తాగినా సరే. బస్సులో ముందు సీటు చూసుకోండి, దూరంగా రోడ్డు వైపు చూడండి, ఫోన్ జేబులో పెట్టండి. నిజం చెప్పాలంటే సగం అల్లం అదే.

షాపులో దొరికే అల్లం-ఎల్లిగడ్డ పేస్ట్ దీనికి వాడకండి. హైదరాబాద్ చుట్టుపక్కల కల్తీ పేస్ట్ పట్టుకున్నారని వార్తలు చూస్తూనే ఉన్నాం కదా. కొమ్ము కొని కడిగి వాడుకోవడమే మంచిది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి? రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళు డాక్టర్‌ని అడగాలి. అసిడిటీ ఉన్నవాళ్ళకి ఎక్కువైతే గుండెల్లో మంట ఖాయం. అది నాకు బాగా తెలుసు. ఎట్లా తెలుసో ఇప్పుడు చెప్తాను.

నేను చేసిన తప్పు

డిగ్రీ అయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఇక్కడే, ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో వచ్చింది. పేరు చెప్పను, పేరుతో పని లేదు. ట్రెయినీ కెమిస్ట్‌ని, ప్రొడక్షన్‌లో. సంగారెడ్డి నుంచి షిఫ్ట్ బస్సు. మొదటి వారం బస్సులో కడుపు తిప్పేది. అమ్మ అల్లం, బెల్లం దంచి చిన్న ఉండలు చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. బస్సెక్కే ముందు ఒకటి నమిలేవాడిని. రెండు మూడు రోజుల్లో తేడా తెలిసింది, వారంలో బస్సులో తిప్పడం పోయింది. అప్పుడే నాకు అల్లం మీద నమ్మకం కుదిరింది.

తర్వాత నన్ను సెంట్రిఫ్యూజ్ రూమ్‌కి వేశారు. తెలియనివాళ్ళకి చెప్తాను. రియాక్టర్‌లో తయారైన మందు, సాల్వెంట్‌తో కలిసి ముద్దలా వస్తుంది. దాన్ని వాషింగ్ మెషీన్ డ్రైయర్ లాంటి పెద్ద యంత్రంలో తిప్పి సాల్వెంట్‌ని తీసేస్తారు. మిగిలిన తడి పొడిని, వెట్ కేక్ అంటాం, మనుషులే పారలతో తీసి డ్రమ్ముల్లో నింపుతారు. మా దగ్గర సాల్వెంట్ టోలుయిన్. పెయింట్ థిన్నర్ వాసన తెలుసు కదా, అట్లాంటిది.

ఆ రూములో రాత్రి పన్నెండు దాటగానే నాకు తిప్పడం మొదలయ్యేది. తల బరువు. నేనేం అనుకున్నాను? "నైట్ షిఫ్ట్ కదా, నిద్ర లేదు, ఖాళీ కడుపు." డబ్బా తీసి ఒక ఉండ నమిలేవాడిని. తగ్గకపోతే ఇంకొకటి. కొన్నాళ్ళకి రోజుకి ఏడెనిమిది. వికారం తగ్గలేదు కానీ గుండెల్లో మంట మాత్రం వచ్చింది. (నవ్వు)

ఇక్కడిదాకా అయితే నవ్వుకోవచ్చు. ఆ రూములో ఒడిశా నుంచి వచ్చిన ఒక పిల్లాడు కాంట్రాక్ట్ హెల్పర్‌గా ఉండేవాడు. నాకంటే చిన్నవాడు. పార పట్టి వెట్ కేక్ తీసేది అతనే. అంటే నాకంటే ఎక్కువసేపు, ఇంకా దగ్గరగా ఉండేది అతనే. ఒకరోజు రాత్రి బయటికొచ్చి గోడ పక్కన కూర్చున్నాడు, ముఖం పాలిపోయింది. నేను పక్కన కూర్చుని, పెద్ద డాక్టర్ లెక్క, డబ్బా తీసి రెండు ఉండలు ఇచ్చాను. "నమలు, తగ్గుతుంది" అన్నాను హిందీలో. అతను నవ్వి, నమిలి, లేచి మళ్ళీ లోపలికి పోయాడు.

నేనే పంపించాను. మంచి చేశాననుకుని పంపించాను. ఆ తర్వాత రోజూ ఇచ్చేవాడిని.

మూడు వారాలయ్యాక మా సీనియర్ ఆపరేటర్ అన్న చాయ్ దగ్గర నన్ను చూసి అడిగాడు.

"ఏందిరా, మొఖం గట్ల పీక్కపోయింది?"

"ఏం లేదన్నా, కడుపుల తిప్పుతుంది. అల్లం తింటున్న."

"ఎన్ని దినాల సంది?"

"మూడు వారాల సంది."

"సెలవు రోజు ఇంట్ల ఉంటవ్ గదా. గప్పుడు తిప్పుతదా?"

నేను ఆలోచించాను. సెలవు రోజు ఒక్కసారి కూడా తిప్పలేదు. అమ్మ చేసిన కోడికూర కడుపునిండా తిని పడుకునేవాడిని.

"లేదన్నా."

"మరి ఆ రూముల నీ ఒక్కనికేనా, అందరికా?"

నేను మాట్లాడలేదు. ఆ పిల్లాడి ముఖం గుర్తొచ్చింది.

అన్న లేచి నాతో పాటు రూముకి వచ్చాడు. సెంట్రిఫ్యూజ్ మీద ఆవిరిని లాగే హుడ్ ఉంటుంది. దాని దగ్గర చిన్న కాగితం ముక్క పట్టుకున్నాడు. గాలి లాగితే కాగితం లోపలికి పోవాలి. అది కదలకుండా అట్లనే వేలాడింది. పైన మోటార్ చప్పుడు వస్తూనే ఉంది. కానీ బెల్ట్ తెగిపోయింది, ఫ్యాన్ తిరగట్లేదు. చప్పుడు వింటున్నాం కాబట్టి అంతా బాగానే ఉందని అందరం అనుకున్నాం.

చెప్తే ఇన్‌ఛార్జ్ ముందు "ఏం తినకుండా వస్తారు, అందుకే" అన్నాడు. నేనైతే అక్కడే ఆగిపోయేవాడిని. ట్రెయినీని, ఉద్యోగం కొత్త. అన్న ఆగలేదు. కాగితం చూపించాడు. బెల్ట్ మారడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ తర్వాత నాకు అల్లం డబ్బా అవసరమే రాలేదు.

ఆ ఒడిశా తమ్ముడిని అడిగాను, "నీకు ఎప్పటి నుంచి ఉంది?" అని. నేను రాక ముందు నుంచే ఉందన్నాడు. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే రేపు పనికి రావద్దంటారు" అన్నాడు. అతనికి ఒక రోజు పని పోతే ఒక రోజు కూలీ పోతుంది. నాకు ఆ భయం సగం, అతనికి పూర్తిగా.

అల్లం ఎందుకు పనిచేయలేదు?

ఇప్పుడు మూడు దారులు గుర్తుచేసుకోండి. టోలుయిన్ ఆవిరి కడుపులోకి పోవట్లేదు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడుకి పోతుంది. అది మూడో దారి. అల్లం పనిచేసేది కడుపు దగ్గర. రక్తంలోకి పోయిన సాల్వెంట్‌ని అల్లం తీసేయలేదు. ఏ కషాయమూ తీసేయలేదు. స్వచ్ఛమైన గాలే దానికి మందు.

ఒకవేళ అల్లం వల్ల ఆ వికారం కొంచెం తగ్గి ఉంటే ఇంకా ప్రమాదం. తప్పించుకోమని ఒళ్ళు చెప్తుంటే దాని నోరు మూసినట్టు అవుతుంది. వాసన మీద కూడా ఆధారపడలేం. ముక్కు కాసేపటికే వాసనకి అలవాటు పడిపోతుంది, ఆవిరి మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకొన్ని రసాయనాలు ఇంకా మోసకారివి. డైక్లోరోమీథేన్ అని చాలా చోట్ల వాడతారు, అది ఒంట్లోకి వెళ్ళాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మిథనాల్ అయితే కళ్ళ మీద దెబ్బ కొడుతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. అప్పుడు అందరం భద్రత గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడాలి కూడా. కానీ పేలుడు అయితే వార్త అవుతుంది, రాత్రి పన్నెండింటికి గోడ పక్కన కూర్చున్న పిల్లాడి వికారం వార్త కాదు. దాన్ని మనమే గమనించాలి.

మరి ఏం చేయాలి?

మా అన్న అడిగిన ప్రశ్నలే మీరూ అడగండి. నేను దీన్ని సెలవు రోజు పరీక్ష అంటాను. ఒకటి, సెలవు రోజు కూడా వస్తుందా? రెండు, ఒక రూములో, ఒక పనిలోనే వస్తుందా? మూడు, పక్కవాళ్ళకీ ఉందా? సెలవు రోజు లేదు, ఒక్క చోటే వస్తుంది, పక్కవాళ్ళకీ ఉంది అంటే అది మీ కడుపు గురించి కాదు, ఆ చోటు గురించి.

అప్పుడు ముందు బయటి గాలిలోకి రండి. పక్కవాడినీ తీసుకురండి. ఎవరైనా లోపల స్పృహ తప్పి పడిపోతే మాత్రం రక్షణ పరికరం లేకుండా పరిగెత్తకండి, ఇద్దరూ పడిపోతారు. అలారం కొట్టండి, 108కి ఫోన్ చేయండి.

గుడ్డ మాస్క్, ఎన్95 మాస్క్ దుమ్మునే ఆపుతాయి. సాల్వెంట్ ఆవిరిని ఆపవు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, ఆ కార్ట్రిడ్జ్‌ని కూడా టైముకి మార్చాలి.

ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ అని ఒక కాగితం ఉంటుంది. అందులో 16 భాగాలుంటాయి. నాలుగో భాగం ప్రథమ చికిత్స, ఎనిమిదో భాగం ఏ మాస్క్, ఏ గ్లౌజ్ వాడాలో చెప్తుంది. మీరు పట్టుకునే డ్రమ్ము మీద ఉన్న పేరు చూసి, ఆ షీట్ అడగండి, ఫోన్‌లో ఫోటో తీసుకోనిస్తే తీసుకోండి. ఇది బతిమాలి అడిగే విషయం కాదు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనుల్లో ఉన్న కార్మికులకి ఆ ప్రమాదాల గురించి చెప్పాలని, కార్మికులు కూడా ప్రమాదం ఉందని చెప్పవచ్చని రాశారు. ఆ హక్కు మనకి ఊరికే రాలేదు.

చెప్పేటప్పుడు ఒక్కరే చెప్పకండి, ఇద్దరు ముగ్గురు కలిసి చెప్పండి. తేదీ, టైము, ఏ రూము, ఎవరికి ఏమైంది అని ఒక చిన్న నోట్ రాసి పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే "వికారం" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి, "ఈ రసాయనం దగ్గర పని చేస్తాను" అని కూడా చెప్పండి. మీ జీతం స్లిప్పులో ఈఎస్ఐ అని 0.75 శాతం కట్ అవుతుంటే, ఆ ఆస్పత్రి మీదే, వాడుకోండి.

అల్లం పక్కన పెట్టి పరిగెత్తాల్సినవి

ఫ్యాక్టరీ సంగతి కాకుండా ఇంట్లో కూడా ఇవి గుర్తుంచుకోండి. వికారంతో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే "గ్యాస్" అనుకుని అల్లం చాయ్ పెట్టుకోకండి, అది గుండెపోటు కావచ్చు. కళ్ళు పచ్చబడితే, వాంతిలో రక్తం పడితే, తలకి దెబ్బ తగిలాక వాంతులైతే, పొట్ట కుడివైపు కింద నొప్పి పెరుగుతూ ఉంటే, చూపు మసకబారితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఎండలో, బాయిలర్ దగ్గర పనిచేసి తల తిరిగి వికారం వస్తే అది వడదెబ్బ కావచ్చు. నీడకి తీసుకుపోయి ఒళ్ళు తడపాలి. మాట తడబడితే, స్పృహ తప్పితే ఆలస్యం చేయొద్దు.

వాంతులు, విరేచనాలు కలిసి అవుతుంటే ముందు కావాల్సింది అల్లం కాదు, ఓఆర్ఎస్. ప్యాకెట్ దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ స్పూన్లు చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు. స్పూన్లు తలకొట్టి కొలవండి. గుటక గుటకగా తాగించండి.

(అల్లం కొమ్ము మళ్ళీ చేతిలోకి తీసుకుని)

అల్లం మీద నాకు కోపం లేదు ఫ్రెండ్స్. ఇప్పటికీ దూరం ప్రయాణం ఉంటే అమ్మ ఉండలు చేసి ఇస్తుంది, ఇప్పటికీ పనిచేస్తాయి. దాని పని దానికి ఇస్తే మంచి మందు. ఫ్యాన్ బెల్ట్ చేయాల్సిన పని దానికి అప్పజెప్పాను, అదీ నా తప్పు.

ఆ ఒడిశా తమ్ముడు తర్వాత వేరే కంపెనీకి మారాడు. వెళ్ళేముందు నా డబ్బాలో మిగిలిన ఉండలన్నీ అడిగి తీసుకున్నాడు, రైల్లో ఊరికి పోవడానికి. ఆ ప్రయాణానికి మాత్రం అవి సరైన మందే. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాను: "కొత్త చోట తిప్పితే ఇది నమలకు, ముందు బయటికి రా."

మీలో ఎవరైనా, మీ అన్న గానీ మీ దోస్తు గానీ పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు నైట్ షిఫ్ట్‌లకి పోతుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. సెలవు రోజు పరీక్ష ఒక్కటి గుర్తుంటే చాలు. వచ్చే ఎపిసోడ్‌లో ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతూ వచ్చిన తియ్యటి డ్రింకుల సంగతి మాట్లాడుకుందాం. అందాక జాగ్రత్త. ఉంటాను.